గిఫ్టెడ్ అన్నారు సరే, రేపు క్లాసులో ఏం చెబుతారు?

అమెరికాలో రెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఏటా ఒక సీజన్ వస్తుంది. 'మీ పిల్లలకు కోగ్యాట్ పెడుతున్నాం' అని స్కూలు నుంచి ఈమెయిల్ రావడం ఆలస్యం, వాట్సాప్ గ్రూపులు నిద్ర లేస్తాయి. ప్రతిభగల పిల్లల్ని 'గిఫ్టెడ్'గా ఎంచి వేరే పాఠాలు చెప్పడానికి ఇక్కడి బళ్లలో పెట్టే ఆలోచనాశక్తి పరీక్ష అది. ఏ పుస్తకం కొనాలి, ఏ యాప్ మంచిది, పోయినేడు కటాఫ్ ఎంత, ఫలానా వాళ్ల బాబుకి ఎంతొచ్చింది అని ఒకటే చర్చ. ఎంసెట్ రాసి, ర్యాంకు చూసుకుని, కౌన్సెలింగ్‌లో సీటు కోసం నిలబడి వచ్చిన తరం మాది. పరీక్ష అనే మాట చెవిన పడితే చాలు, మోడల్ పేపర్లు ఎక్కడ దొరుకుతాయా అని చూస్తాం. ఆ పరీక్షలే మమ్మల్ని ఇంత దూరం తెచ్చాయి కాబట్టి ఆ అలవాటును నేను ఎగతాళి చేయను. అయితే ఇది ఆ కోవకు చెందిన పరీక్ష కాదని మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాను.

కోగ్యాట్‌లో మూడు భాగాలుంటాయి. ఒకటి మాటలతో, ఒకటి అంకెలతో, ఒకటి బొమ్మలతో. ఒక్కో దాంట్లో మూడేసి చిన్న పరీక్షలు. బళ్లో చెప్పిన పాఠాన్ని నేరుగా అడగరు. కాగితాన్ని రెండు మడతలు పెట్టి చిల్లు పొడిస్తే, విప్పాక చిల్లులు ఎక్కడెక్కడ కనిపిస్తాయి? ఇలా ఉంటాయి ప్రశ్నలు. ఎప్పుడూ చూడని చిక్కు ఎదురైతే ఈ పిల్ల ఎలా ఆలోచిస్తుంది అన్నదే వాళ్లకు కావాలి. వేసవంతా అవే మడతలు విప్పించి కూర్చోబెట్టిన పిల్లకు అది కొత్త చిక్కు కాదు, తెలిసిన లెక్క. స్కోరు పెరుగుతుంది, కానీ ఆ స్కోరు చెప్పే సంగతి తగ్గిపోతుంది. ప్రశ్న ఎలా ఉంటుందో ముందు ఒకసారి చూపించడంలో అభ్యంతరం లేదు. నెలల తరబడి కోచింగ్ ఇప్పించడం మాత్రం జ్వరం చూసే ముందు థర్మామీటర్‌ను వేడినీళ్లలో ముంచడమే.

ఇక పర్సెంటైల్ సంగతి. అదే వయసు పిల్లలు వందమందిలో ఎంతమంది కంటే పైన ఉందో చెప్పే అంకె అది, మార్కులు కాదు. మా అమ్మాయికి 98 వచ్చిందని ఫోన్లో చెబితే మా అత్తయ్య, "మిగతా రెండు మార్కులు ఎక్కడ పోయాయమ్మా?" అన్నారు. ఆవిడకు తెలియక అడిగారు. మా గ్రూపులో పీహెచ్‌డీలు చేసినవాళ్లు కూడా 97కీ 98కీ మధ్య పెద్ద గొయ్యి ఉన్నట్టే మాట్లాడతారు. అదే పిల్ల ఇంకోరోజు రాస్తే ఆ అంకె అటూ ఇటూ కదులుతుంది. ఏ కొలతలోనైనా ఆమాత్రం తేడా ఉంటుంది.

మా ఆయన నవోదయలో చదువుకున్నారు. ఆరో తరగతిలోకి పరీక్ష, బడికి 80 సీట్లు, అందులో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలకు. ఆ సీటు ఆయన జీవితాన్నే మార్చేసింది. అక్కడ ఎంపికైతే బడి, హాస్టలు, భోజనం, పుస్తకాలు అన్నీ మారతాయి. అందుకే గిఫ్టెడ్ అన్న ఉత్తరం రాగానే ఆయన సీటొచ్చిందన్నంత సంతోషపడ్డారు. తీరా చూస్తే ఇక్కడ మారింది వారంలో ఒక పూట. 'ఇంతేనా?' అన్నారు. ఆ ప్రశ్న అడగాల్సిందే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అమెరికాలో ప్రతిభగల పిల్లల్ని గుర్తించి తీరాలని, వాళ్లకు ప్రత్యేకంగా చెప్పి తీరాలని ఆదేశించే కేంద్ర చట్టం లేదు. 1988లో వచ్చిన జావిట్స్ చట్టం పరిశోధనలకూ ప్రయోగాలకూ డబ్బిస్తుంది తప్ప ఏ పిల్లకూ హక్కు ఇవ్వదు. వైకల్యం ఉన్న పిల్లలకు ఉన్నంత చట్టరక్షణ ఈ పిల్లలకు లేదు. అంతా రాష్ట్రాల ఇష్టం, చాలాచోట్ల ఆ స్కూలు జిల్లా, అంటే ఆ ప్రాంతం బళ్లను నడిపే సంస్థ ఇష్టం. ఫ్లోరిడాలో సగటుకు చాలా పైన, అంటే సుమారు 130 ఐక్యూ ప్రధానమైన గీత. పెన్సిల్వేనియాలోనూ 130 అంకె ఉంది, కానీ ఇతర ఆధారాలూ చూస్తారు. అర్హత వస్తే ఆ పిల్లకు రాతపూర్వకమైన చదువు ప్రణాళిక ఇవ్వాలి. జార్జియాలో ఆలోచనాశక్తి, చదువులో సాధించింది, సృజన, పట్టుదల అని నాలుగు చూస్తారు, మూడింటిలో నెగ్గినా అర్హతే. ప్రాజెక్టు మారితే రాష్ట్రం మారే మనలాంటి వాళ్లకు ఇది పెద్ద టెన్షన్. మేం ఇల్లు మారినప్పుడు మా అమ్మాయి పాత కాగితం కొత్త జిల్లాలో చెల్లలేదు. రాష్ట్ర సరిహద్దు దాటినంత మాత్రాన పిల్ల తెలివి తగ్గిపోతుందా? ఉత్తరాన్ని పిల్ల తెలివికి సర్టిఫికెట్‌గా చూడకూడదని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది. ఆ బడిలో, ఆ ఏడాది, ఆ క్లాసు పాఠం ఈ పిల్లకు సరిపోతుందా లేదా అన్నంత వరకే దాని పని.

మొదట్లో ఈ పరీక్షల ఉద్దేశం కూడా అంతే. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే తన పరీక్షను తయారుచేసింది మేధావుల్ని ఏరడానికి కాదు, మామూలు క్లాసులో వెనకబడుతున్న పిల్లలకు వేరే సాయం అందించడానికి. దాన్ని అమెరికాకు తెచ్చి 1916లో స్టాన్‌ఫర్డ్-బినేగా మార్చిన లూయిస్ టెర్మన్, 1921లో కాలిఫోర్నియాలో ప్రతిభగల పిల్లల కోసం పెద్ద వెతుకులాట మొదలుపెట్టాడు. 1,500 మందికి పైగా పిల్లల్ని ఎంచుకుని జీవితాంతం గమనించాడు. పరీక్ష రాసినా గీత దాటక ఆ జాబితాకెక్కని ఇద్దరు అబ్బాయిలు తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. 1956లో విలియం షాక్లీ, 1968లో లూయిస్ అల్వారెజ్. పిల్లను ఎంపిక చేయలేదని పెట్టుకున్న అప్పీల్ తిరస్కరించారని కుంగిపోయే తల్లిదండ్రులకు నేను ఈ కథ చెబుతాను. ఊరట కోసమే అనుకోండి, కానీ నిజమైన కథ.

టెర్మన్ పద్ధతిలో ఇంకో సంగతి ఉంది. చాలామంది పిల్లల్ని ముందు టీచర్లు సూచించాలి, ఆ తర్వాతే పరీక్ష. నూరేళ్లు గడిచాక కూడా చాలా జిల్లాల్లో టీచర్ నింపే ఫారానికి బలం ఉంది. మన పిల్లలకు అసలు చిక్కు ఇక్కడే.

ఆ ఫారాల్లో ఏముంటాయి? చెప్పినదాన్ని ప్రశ్నిస్తుందా? అడగకుండానే కొత్త పని మొదలుపెడుతుందా? తన అభిప్రాయం మీద నిలబడి వాదిస్తుందా? అందరికీ తట్టని హాస్యం ఆమెకు తడుతుందా? ఇంట్లో మనం నేర్పేదేమో, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రావద్దు, టీచర్‌కు ఎదురు చెప్పొద్దు, వచ్చినా రానట్టు అణకువగా ఉండు అని. మొదటి కాన్ఫరెన్స్‌లో మా అమ్మాయి టీచర్ నవ్వుతూ, "చాలా మంచి పిల్ల, ఆమెతో నాకు ఒక్క ఇబ్బందీ లేదు" అంది. మన చెవికి అది మెప్పు. ఆ ఫారంలో మాత్రం ఆ మెప్పుకు గడి లేదు. ఇరవై అయిదు మంది పిల్లల మధ్య, పని పూర్తిచేసి నిశ్శబ్దంగా పుస్తకం తీసుకునే పిల్ల టీచర్ కంటికి ఆనదు. అదే క్లాసులో సగం పని చేసి పది ప్రశ్నలు వేసే పిల్లవాడు ఆనుతాడు. టీచర్‌ను తప్పుపట్టలేం, ఆమె చూడగలిగింది ఆమె రాస్తుంది.

వినయం వదిలేయమని మేం పిల్లకు చెప్పలేదు. "ఇది నాకు వచ్చు, ఇంకోటి ఇవ్వండి" అనడం అమర్యాద కాదని మాత్రం చెప్పాం. ఈ ముక్క ఇంట్లో చెప్పినంత సులభంగా బళ్లో నోటికి రాదు. చివరికి దారి తనే కనిపెట్టుకుంది. చెయ్యెత్తడానికి బదులు తన ప్రశ్నల్ని చిన్న స్టిక్కీ కాగితాల మీద రాసి టీచర్ బల్ల మీద అంటించడం మొదలుపెట్టింది. 'సున్నాతో భాగించకూడదంటే ఎవరు కూడదన్నారు?' అనేది అందులో ఒకటి. టీచర్ దాన్ని పట్టుకుని క్లాసంతా చర్చ పెట్టింది. మేం కూడా ఇంట్లో అది తనకు తానే పెట్టుకున్న లెక్కల నోటుబుక్కును తీసుకెళ్లి చూపించాం. మార్కుల కాగితాలకంటే ఆ నోటుబుక్కే టీచర్‌కు ఎక్కువ చెప్పింది.

భాష సంగతి ఇంకో మెలిక. బళ్లో చేర్చేటప్పుడు 'ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?' అని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లకు ఇంగ్లీషు పరీక్ష పెడతారని, ఆ తర్వాత గిఫ్టెడ్ దారి మూసుకుపోతుందని భయపడి ఇంగ్లీషు అని రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్ల కూడా గిఫ్టెడ్ కావచ్చు, ఒకటి రెండోదాన్ని అడ్డుకోదు. పైగా ఆ నిజం రాస్తేనే స్కోరును సరిగ్గా చదవగలరు. కోగ్యాట్ రచయితల్లో ఒకరైన డేవిడ్ లోమన్ ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. నేర్చుకునే అవకాశం ఒకేలా ఉన్న పిల్లలతో పోల్చాలి. ఇంట్లో అయిదేళ్లు తెలుగే విన్న పిల్ల మాటల భాగంలో తెచ్చుకున్న స్కోరునూ, పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు కథలు విన్న పిల్ల స్కోరునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం తెలుస్తుంది? మా బాబుకు బొమ్మల భాగంలో ఆకాశం, మాటల భాగంలో నేల. మొత్తం సగటు తీసి మామూలు అన్నారు. మూడూ విడివిడిగా చూపించమని అడిగాం. అడగొచ్చని చాలామందికి తెలియదు.

అడగడం తెలిసినవాళ్ల పిల్లలకే అందితే మాత్రం అది సరైన పద్ధతి కాదు. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో 2005 ప్రాంతంలో, టీచర్లో తల్లిదండ్రులో సూచించేదాకా ఆగకుండా రెండో తరగతి పిల్లలందరికీ తొలి పరీక్ష పెట్టారు. ఆ ఫలితాలను డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2016లో ప్రచురించారు. పేద కుటుంబాల పిల్లల్లో, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల్లో గిఫ్టెడ్‌గా ఎంపికైనవాళ్ల నిష్పత్తి 180 శాతం పెరిగింది. కటాఫ్ తగ్గించలేదు, అందరినీ చూశారంతే. తర్వాత నిధులు లేక ఆ పద్ధతి ఆగిపోతే, వచ్చిన మార్పూ పోయింది. 'అందరికీ పెడితే మన పిల్లలకు పోటీ పెరుగుతుంది' అని మా గ్రూపులో ఒకాయన బాధపడ్డారు. పోయినేడే ఇండియా నుంచి వచ్చి, ఇంగ్లీషులో ఈమెయిల్ రాయడానికి జంకే తల్లి కూడా అదే గ్రూపులో ఉందని ఆయనకు గుర్తు చేశాను.

ఇప్పుడు మా ఆయన అడిగిన 'ఇంతేనా?' దగ్గరికి. చాలా బళ్లలో గిఫ్టెడ్ అంటే పుల్ అవుట్. వారానికి ఒక పూట వేరే గదిలోకి తీసుకెళ్లి పజిళ్లు, రోబోలు, ప్రాజెక్టులు చేయిస్తారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది, వాళ్లలాంటి పిల్లలు ఇంకొందరు దొరుకుతారు. కానీ లెక్కల్లో ముందున్న పిల్ల మిగతా నాలుగున్నర రోజులూ వచ్చిన కూడికలే కూడుతుంది. నన్నడిగితే మేలైన పద్ధతి పేరు కూడా పెద్దగా వినపడనిది, కాంపాక్టింగ్. కొత్త అధ్యాయం మొదలుపెట్టే ముందే చివరి పరీక్ష పెడతారు. వచ్చినంత మేర వదిలేసి, రానిదే చెప్పి, మిగిలిన సమయంలో లోతైన పని ఇస్తారు. దీనికి ప్రత్యేక గది అక్కర్లేదు, లేబుల్ కూడా అక్కర్లేదు. టీచర్‌కు ఓపిక, కాస్త సమయం ఉండాలి. 'మా పిల్లను గిఫ్టెడ్‌లో వేయండి' అన్నప్పుడు స్కూలు వాళ్లు నిబంధనలు చదివారు. 'వచ్చే వారం భిన్నాలు మొదలవుతాయట, ముందు ఒకసారి పరీక్షించి చూస్తారా?' అన్నప్పుడు టీచర్ సరేనంది. లేబుల్ రాని మా బాబుకూ అలాగే జరిగింది.

రెండో దారి, ఆ ఒక్క సబ్జెక్టుకు పై తరగతిలో కూర్చోబెట్టడం. మూడోది మొత్తంగా ఒక తరగతి దాటించడం. ఈ మూడోదాని మీద మనవాళ్లకు మోజెక్కువ, ఇండియాలో డబుల్ ప్రమోషన్ కథలు విని పెరిగాం కదా. తరగతి దాటించాలా వద్దా అని తేల్చడానికి ఐయోవా విశ్వవిద్యాలయంలో తయారైన ఒక స్కేల్ ఉంది. ఆ పిల్లకే ఇష్టం లేకపోతే దాటించొద్దని, అన్నో అక్కో చదువుతున్న తరగతిలోకి ఎక్కించొద్దని అందులో ఉంది. ఎంత ఐక్యూ ఉన్నా సరే. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఈ రెండో నియమం ఎందుకో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్న చర్చ వేరు. అమ్మాయి ఏడో తరగతిలోనే ఆల్జీబ్రా తీసుకోవచ్చని కౌన్సెలర్ అంటోంది. మా ఆయన సరే అంటున్నారు. అమ్మాయికేమో ఈ ఏడాది జామెట్రీ పజిళ్ల క్లబ్బు వదలడం ఇష్టం లేదు, రెండూ ఒకే పీరియడ్‌లో పడుతున్నాయి. టైమ్‌టేబుల్ మార్చగలరా అని అడుగుతూ కౌన్సెలర్‌కు తనే ఈమెయిల్ రాసింది. జవాబు కోసం చూస్తున్నాం.