ఏపీఏ పద్ధతిలో మన ఇంటిపేర్లు ఎట్లా రాయాలి

ఏపీఏ అంటే పరిశోధన పత్రాలు ఎట్లా రాయాలో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెట్టిన పద్ధతి. నెల్లూరు, ఒంగోలు వైపు పీజీ ప్రాజెక్టుల్లో, పీహెచ్‌డీ థీసిసుల్లో మార్జిన్లు, ఫాంట్లు బాగానే కుదురుతున్నాయి. తప్పు ఎక్కువగా జరిగేది చివరన, రిఫరెన్సుల్లో, అదీ మనవాళ్ల పేర్ల దగ్గరే. మార్జిన్ తప్పితే రెండు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. పేరు తప్పితే రాసినవాళ్ల పని వాళ్లకు దక్కకుండా పోతుంది.

బెజవాడ గోపాలరెడ్డి గారి పేరే చూడండి. నెల్లూరు జిల్లావారు, 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఇంటిపేరు బెజవాడ. రిఫరెన్సులు దాచి లిస్టు తయారుచేసే జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్లు పీడీఎఫ్ నుంచి వివరాలు లాగేటప్పుడు చాలాసార్లు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాయి. అప్పుడు లిస్టులో ‘రెడ్డి, బి. జి.’ అని పడుతుంది. ఉండాల్సింది ‘బెజవాడ, జి. ఆర్.’, గోపాలరెడ్డి అని కలిపి అచ్చయి ఉంటే ఒట్టి ‘జి.’ చాలు. లిస్టు అక్షరక్రమంలో నడుస్తుంది గనక ఆ ఎంట్రీ ‘ఆర్’ దగ్గర కాదు, ‘బి’ దగ్గర ఉండాలి. అట్లాగే ప్రకాశం పంతులు గారు ‘టంగుటూరి, పి.’ అవుతారు. సాఫ్ట్‌వేర్‌లో పేరు తిరగబడితే ఇంటిపేరు గడి, పేరు గడి రెండూ చేత్తో మార్చుకోవాలి. వేరే దారి లేదు.

అన్ని పేర్లూ ఇంత తేలిగ్గా తేలవు. చాలామంది ఇంటిపేరును పొడి అక్షరంగా మాత్రమే వేసుకుంటారు. అట్లాంటప్పుడు మనం ఊహించి విడదీయకూడదు. వ్యాసంలో ఎట్లా అచ్చయితే అట్లానే తీసుకుని, చివరి పేరును ముందు పెట్టి పొడి అక్షరాలు తర్వాత రాయాలి. అనుమానంగా ఉంటే ఆ జర్నల్ వెబ్ పేజీలోనే ‘ఇట్లా ఉదహరించండి’ అని ఇస్తారు, అది చూసుకోండి.

ఇట్లా చివరి పేరే ముందుకు వస్తే ఇంకొక చిక్కు. రొయ్యల గుంటల మీద రాసిన పేపరులో ముగ్గురు రెడ్లు, ఇద్దరు రావులు వేర్వేరు రిఫరెన్సుల్లో మొదటి రచయితలుగా రావడం మామూలే. అప్పుడు వాక్యం మధ్యలో ‘రెడ్డి, 2018’ అంటే చాలదు. సంవత్సరాలు వేరైనా సరే, ప్రతిచోటా పొడి అక్షరం చేర్చి ‘ఎస్. రెడ్డి, 2018’ అనాలి. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది రచయితలుంటే వాక్యం మధ్యలో మొదటిసారి నుంచే మొదటి రచయిత ఇంటిపేరు రాసి ‘ఎట్ ఆల్.’ (మిగతావాళ్లు అని) పెట్టాలి. లిస్టులో మాత్రం 20 మంది దాకా అందరి పేర్లూ రాయాల్సిందే.

తెలుగు పుస్తకాన్ని ఇంగ్లిష్ పేపరులో ఉదహరిస్తే దాని పేరును ఇంగ్లిష్ లిపిలోకి మార్చి ఇటాలిక్స్‌లో పెట్టి, పక్కన చతురస్ర బ్రాకెట్లలో ఇంగ్లిష్ అర్థం ఇవ్వాలి. అర్థానికి ఇటాలిక్స్ వద్దు. పేపరులో తెలుగు మాటలు కొట్టాల్సి వస్తే యూనికోడ్‌లోనే కొట్టించండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులుగా మారుతుంది. ఆ ఫైల్లో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంట్.

రిఫరెన్సుల్లో మొదటి వరస మార్జిన్‌కు ఆని, రెండో వరస నుంచి అర అంగుళం లోపలికి జరగాలి. డీటీపీ సెంటర్లలో దీనికోసం వరస చివర ఎంటర్ కొట్టి, తర్వాతి వరసకు ట్యాబ్ కొడతారు. చూడ్డానికి బాగుంటుంది. టైమ్స్ న్యూ రోమన్ 12 ఉన్నదాన్ని ఏరియల్ 11కి మార్చగానే వరసలు నడిమధ్య విరిగిపోతాయి. ఆ ఎంటర్లు, ట్యాబ్‌లు లేకుండా, వర్డ్‌లో లిస్టు మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ టి నొక్కండి, ఏ ఫాంటుకు మార్చినా చెదరదు. వ్యాసానికి డీఓఐ (ఇంటర్నెట్‌లో దాన్ని గుర్తుపట్టే శాశ్వత నంబరు) ఉంటే పూర్తి లింకుగా ఇచ్చి, చివర చుక్క పెట్టకండి.

మిగతావి సులువు. ఏపీఏ ఏడో ఎడిషన్ 2019లో వచ్చాక విద్యార్థుల పేపర్లకు రన్నింగ్ హెడ్ (ప్రతి పేజీ పైన వేసే పొట్టి శీర్షిక) అక్కర్లేదు, పేజీ నంబరు కుడివైపు పైన ఉంటే చాలు. నాలుగువైపులా అంగుళం మార్జిన్, అంతటా డబుల్ స్పేసింగ్. వర్డ్ ప్రతి పేరా కింద తనంతట తాను ఖాళీ వదులుతుంది, దాన్ని సున్నా చేయకపోతే స్పేసింగ్ ఎక్కువతక్కువలుగా కనిపిస్తుంది. పట్టిక నంబరు బోల్డ్‌లో, దాని కింది వరసలో శీర్షిక ఇటాలిక్స్‌లో, రెండూ పట్టికకు పైనే రావాలి. వర్డ్ మామూలుగా గీసే నిలువు గీతలన్నీ తీసేయాలి. థీసిస్‌కు బైండింగ్ కోసం ఎడమవైపు మార్జిన్ ఎక్కువ కావాలని యూనివర్సిటీ చెప్తే, అక్కడ ఏపీఏ మాట పక్కనపెట్టి యూనివర్సిటీ చెప్పిందే చేయండి.