ఆ గ్యాప్ ఎంతుండాలో ఎవరిని అడగాలి?

"ఎవరి సంతకం కోసం చూస్తున్నావ్?" అని కసిరారు పెద్దాయన. నేనన్నదల్లా, కౌలింగ్, అంటే విమానం ఇంజిన్ మీది మూత, కోసే ముందు ఆ విమానం కిట్ అమ్మిన కంపెనీకి ఓ ఈమెయిల్ పెడదామని.

మేముండేది కాన్సస్‌లోని విచిటాలో, విమానాల ఊరు. నాది విమాన భాగాల డిజైన్ ఉద్యోగం. బ్రాకెట్‌లో ఒక రంధ్రం మిల్లీమీటరు జరపాలన్నా డ్రాయింగ్‌కి కొత్త రివిజన్, భాగం బలం లెక్కగట్టే స్ట్రెస్ వాళ్ల సంతకం, ఆపైన ఇంకెవరిదో సంతకం. పెద్దాయన కూడా ఈ పనిలోనే రిటైరయ్యారు. ఇప్పుడు హ్యాంగర్‌లో సొంతానికి ఆర్‌వీ-7 అనే చిన్న విమానాన్ని కిట్ తెచ్చి కట్టుకుంటున్నారు. శనివారాలు నేను సాయానికి వెళ్తుంటాను.

చిక్కంతా ఇంజిన్‌కి బిగించే ఆల్టర్నేటర్ దగ్గర, అంటే కరెంటు పుట్టించే భాగం దగ్గర. దానికీ కౌలింగ్‌కీ మధ్య గ్యాప్ ఎంతుందో చూడాలి. దాని అంచు మీద పిల్లలాడుకునే క్లే అంటించి, కౌలింగ్ బిగించి, మళ్లీ విప్పి, నలిగిన క్లే మందం కొలిచాం. 6 మిల్లీమీటర్లు కూడా లేదు. ఇంజిన్ ఆగి ఉంటే అదీ చాలు. కానీ ఇందులోని లైకమింగ్ ఓ-360 ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ తడిసిన గేదెలా ఒళ్లు విదిలిస్తుంది. పైగా కొత్త రబ్బరు కొన్నాళ్లకి అణిగి ఇంజిన్ ముక్కు కాస్త కిందికి దిగుతుంది. అందుకే కదిలే భాగానికీ కౌలింగ్‌కీ మధ్య అరంగుళమైనా ఉంచమంటారు కట్టేవాళ్లు. చిన్న ఆల్టర్నేటర్ కొనాలి, లేదంటే అక్కడ ఫైబర్‌గ్లాస్ కోసి బయటికి ఉబ్బు పోయాలి. ఆయన కోశారు. ఏ కాగితం మీదా ఎవరూ సంతకం పెట్టలేదు.

నాకు ఆ రాత్రంతా అదే ఆలోచన. పగలు ఇంత కట్టడి చేసే దేశమే శనివారం హ్యాంగర్‌లో చేతికి రంపం ఇస్తుంది. ఇలా సొంతంగా కట్టుకునే విమానాలకి ఇక్కడి రూల్ ప్రకారం సగానికి పైగా పని ఔత్సాహికులే నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలి. విమానం మీద 'ఎక్స్‌పెరిమెంటల్' అని రాయాలి. ఇది మామూలు విమానాల భద్రతా నిబంధనలకు లోబడినది కాదని లోపల పాసింజర్‌కి కనబడేలా హెచ్చరిక పెట్టాలి. మామూలుగా మొదటి 25 గంటలో 40 గంటలో జనం పలచగా ఉన్నచోట ఎగిరి పరీక్షించాలి. అందులో ఎక్కువగా కూర్చునేది కట్టినవాడే కాబట్టి గ్యాప్ సంగతి కూడా అతనికే వదిలేశారు.

మనవాళ్లకి చేతకాకనా? విజయవాడ ఆటోనగర్‌లో ఏ బండి ఇంజిన్ ఏ బండిలో పట్టాలో మేస్త్రీ కంటితో చూసి చెప్తాడు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద విమానం కట్టారు. అది రిజిస్టర్ అయ్యేసరికి 2017 వచ్చింది, అదీ ఏళ్ల తరబడి తిరిగితే. చేతులు మనకీ ఉన్నాయి. పెద్దాయన కసిరింది నా చేతుల్ని కాదనుకోండి, అయినా ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. అడిగి చెయ్యడం నాకు ఇంట్లో నేర్పారు, ఆఫీసులోనూ నేర్పారు. పైగా అదే ఆఫీసు ఆయనకీ నేర్పింది!

ఫోన్‌లో నాన్నకి చెప్తే, "మరి ఎవరూ చెక్ చెయ్యరా?" అన్నారు. చేస్తారు నాన్నా, ఎగిరే ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇస్తాడు, కాకపోతే ఆల్టర్నేటర్ దగ్గర ఎంత గ్యాప్ ఉంచాలో అతను చెప్పడు అన్నాను.

నాన్నకి అది నచ్చలేదు. ఆ కిట్ కంపెనీకి ఎందుకైనా మంచిది ఓ ఈమెయిల్ పెట్టమన్నారు.