సామానుతో భీమిలి దాకా లావు టైర్ల సైకిల్

విశాఖ తీరంలో ఋషికొండ దాటి మంగమారిపేట దగ్గర బీచ్ రోడ్డు వదిలి ఇసుకలోకి దిగామంటే సైకిల్ బండారం బయటపడుతుంది. టెంటు, స్టవ్వు, 4 లీటర్ల నీళ్లు, పనిముట్లు కలిపి ఒక్కో సైకిల్ మీద 15 కిలోల దాకా సామాను. తారు రోడ్డు మీద 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలితో వచ్చి, ఇసుక మొదట్లోనే ఆగి ముందు టైరును 6కి, బరువు మోసే వెనక టైరును 8కి దించాం. మనిషి ఎక్కి కూర్చుంటే టైరు పక్కన సన్నటి మడతలు పడాలి, అదే గుర్తు. ఇంకా దించితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి జంట చిల్లులు పడతాయి.

కొనేటప్పుడు అందరి కళ్లూ టైరు వెడల్పు మీదే. 4 అంగుళాలుంటే ఈ తీరానికి చాలు. సామాను మోయాలంటే ముందు చూడాల్సింది ఫ్రేముకున్న బోల్టు రంధ్రాలు: వెనక ఇరుసు పక్కన, సీటు కింద, ఫోర్కుకు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లకు) రెండు వైపులా మూడేసి. అవి లేక క్లాంపులతో బిగించిన క్యారియర్ గతుకులకు మెల్లగా కిందికి జారి టైరుకు రాసుకుంటుంది. మామూలు క్యారియర్ కాళ్ల మధ్య ఈ టైరు పట్టదు కూడా.

తర్వాత గేర్లు. పెడళ్ల దగ్గరి ముందు పళ్లచక్రం 30 పళ్లకు మించకూడదు, వెనక పెద్ద పళ్లచక్రం 42కి తగ్గకూడదు. చవక రకం ఏడు గేర్ల సైకిళ్లలో వెనకది సాధారణంగా 28 దగ్గరే ఆగిపోతుంది. ఆ గేరుతో, ఈ బరువుతో తొట్లకొండ ఎక్కాలంటే దిగి నెట్టాల్సిందే.

నీళ్లు ఫ్రేము మధ్య సంచిలో, టెంటు, వంట సామాను ఫోర్కుకు రెండు పక్కలా సమంగా, బట్టలు వెనక కట్టాం. బరువంతా వెనకే వేస్తే మెత్తటి ఇసుకలో వెనక చక్రం కూరుకుపోతుంది, ముందుది తేలిపోయి హ్యాండిల్ మాట వినదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిళ్లు బయటే ఆపి నడిచాం. వేల ఏళ్లుగా గాలీ వానా మలిచిన దిబ్బలవి. చక్రం గీసిన గాడి వెంటే వాననీరు కోత పెడుతుంది. టైరు ఎంత లావుదైనా అక్కడ తొక్కకూడదు.

ఆటు వేళ చూసుకుని, అల అందని గట్టి తడి ఇసుక మీదుగా భీమిలి చేరాం. ఉప్పునీటి తుంపర చైనుకు తుప్పు తెస్తుంది. అందుకే ఊళ్లోకి రాగానే మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బ్రేకు డిస్కుల మీద పడకుండా లింకు లింకుకూ నూనె వేశాం. తిరుగు ప్రయాణం రోడ్డు మీదే కాబట్టి గాలి మళ్లీ 15కి కొట్టాం. దించిన గాలితో తారు మీద హ్యాండిల్ బరువెక్కి పక్కకు లాగుతుంది. లావు టైరుకు చిన్న పంపు పెడితే చేతులు పడిపోతాయి, పెద్ద గొట్టం పంపే వెంట ఉండాలి.