జ్వాల కాడి నీళ్లు

ముందే చెప్పేస్తున్నా, నేను అహోబిలం పోయింది భక్తితో కాదు. మా అమ్మ ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో మా అన్న ఇంట్లో ఉంటుంది. ఆమెను చూడాలంటే ఆ ఇంటికే పోవాలి. నేనూ మా అన్నా మాట్లాడుకుని అప్పటికి రెండేళ్లు దాటింది. 6 ఎకరాల నల్లరేగడి, సగం సగం పంచుకున్నాం, అంతవరకూ ఏ గొడవా లేదు, కానీ బోరు ఆయన సగంలో పడింది. మిగతాది ఊహించుకోండి, ఇలాంటి కథ ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది.

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుకు దిగితే పొద్దున టిఫిన్ అయ్యేసరికే చేయడానికి ఇంకేమీ ఉండదు. వసారాలో ఈ మూల నేను, ఆ మూల ఆయన, చెరో ఫోనూ. మధ్యలో అమ్మ ఒకసారి నాతో, ఒకసారి ఆయనతో మాట్లాడి మాట్లాడి అలసిపోయేది. మార్చిలో అలాంటి ఒక పొద్దున ఆమే ఒక ఖాళీ లీటరు బాటిల్ కడిగి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఊరికే కూచుంటే ఏమొస్తాది గానీ అహోబిలం పోయిరా నాయనా. జ్వాల కాడ నీళ్లు పట్టకరా. నా చిన్నప్పుడు మీ తాతతో ఒక్కసారి పోతి, మళ్లీ కుదర్లేదు, ఇప్పుడు ఈ మోకాళ్లతో యాడ ఎక్కేది."

ఏటా కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పల్లకీలో పారువేటకు, అంటే వేట ఊరేగింపుకు బయల్దేరి, నలభై రోజులకు అటూ ఇటూగా ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నవాడు కదా, ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి రమ్మని అందరినీ స్వయంగా పిలుస్తాడట. మా ఊళ్లోనూ ఆగుతుంది పల్లకి. "ఆయనే మనింటికి వచ్చి పిలిచిపోయినాడు, మనం ఒకసారి పోకపోతే ఎట్లా" అని అమ్మ లాజిక్. నాకు మాత్రం ఇంట్లోంచి బయటపడటానికి ఒక సాకు దొరికింది, అంతే.

ఫాల్గుణం బ్రహ్మోత్సవాలు అయిపోయి జనం పలచబడ్డారు. ఆళ్లగడ్డలో బస్సెక్కితే దిగువ అహోబిలం, అక్కణ్నుంచి ఎగువకు ఇంకో 8 కిలోమీటర్లు జీపు. ఎగువ గుడిలో దండం పెట్టుకున్నాను. మనసులో ఏమీ కదల్లేదు, అబద్ధం ఎందుకు. నవ నారసింహుల్లో జ్వాలా నరసింహుడి దగ్గరికి అక్కణ్నుంచి నడకే. భవనాశిని వాగు పక్కనే పోతుంది దారి, క్రోడ నరసింహుణ్ని దాటుకుని, కొంత రాళ్ల మీద, కొంత మెట్ల మీద. కింద ఇరవై రూపాయలకు ఒక కర్ర అద్దెకు తీసుకున్నా. కోతుల కోసం అన్నారు కానీ నా మోకాళ్లకే ఎక్కువ పనికొచ్చింది.

ఆ రోజు అడవిలో ఆకు లేదు. నల్లమలలో చాలా చెట్లు శిశిరంలో ఆకులన్నీ రాల్చేస్తాయి, నేలలో నీళ్లు తగ్గితే ఆకులు పెట్టుకుని బతకలేవు కదా. చదివిన విషయమే, కానీ ఒక కొండ మొత్తం అలా బోసిగా నిలబడి ఉండటం చూడటం వేరు. మధ్యమధ్యలో ఆకు లేని కొమ్మల మీద మోదుగు పూలు ఎర్రగా, కొండగోగు పూలు పసుప్పచ్చగా. ఒకచోట చెట్టు మాను తెల్లగా, సున్నం కొట్టినట్టు మెరుస్తుంటే అదేంటని నాతో పాటు నడుస్తున్న చెంచు కుర్రాణ్ని అడిగాను. "తపసి చెట్టు సార్. దీని బంక మేం అమ్ముకుంటాం" అన్నాడు. మానుకు గాటు పెడితే బంక ఊరి కారుతుందట, గాటు లోతుగా పడితే చెట్టు చచ్చిపోతుందట. చెప్పి ముందుకు పోయాడు. ఆ మాట ఎందుకో నాతోనే నడుస్తూ వచ్చింది.

ఇంకాస్త పైకి పోయాక గలగలమని శబ్దం. పామేమో అని ఆగిపోయాను. దిరిసెన చెట్టు, ఎండిన కాయల్లో గింజలు గాలికి కొట్టుకుంటున్నాయి. తర్వాత తెలిసింది, తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ కొండ గురించి పాడిన 10 పాశురాల్లో ఈ దిరిసెన కాయల చప్పుడు కూడా ఉంది, వెదుళ్లు ఒరుసుకుని నిప్పు పుట్టి ఆకాశం ఎర్రబడటమూ ఉంది. పన్నెండు వందల ఏళ్ల కిందటి మాట. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటైన ఈ చోటును ఆయన పాడింది పచ్చగా ఉన్నప్పటి సంగతి కాదు, ఇదిగో, ఇలా ఎండి గలగలలాడుతున్నప్పటి సంగతి. నాకది భలే నచ్చింది.

జ్వాల దగ్గర కొండ గొడుగులా ముందుకు వంగి ఉంటుంది. దాని కింద గుడి, లోపల హిరణ్యకశిపుణ్ని ఒళ్లో వేసుకుని చీలుస్తున్న స్వామి. వానాకాలంలో ఆ కొండ అంచు మీది నుంచి జలపాతం దూకుతుందని విన్నాను. నేను పోయినప్పుడు జలపాతం లేదు, చుక్కలు. ఎంతో ఎత్తు నుంచి ఒక్కో చుక్క విడివిడిగా, తీరిగ్గా, ఎండలో మెరుస్తూ వచ్చి రాతి మీద టప్‌మంటుంది. బాటిల్ మూత తీసి కింద పట్టాను. గాలి వస్తే చుక్క జానెడు పక్కకు పడుతుంది. నేనూ బాటిల్‌తో జానెడు జరుగుతాను, ఈలోపు గాలి ఆగి మళ్లీ పాత చోటే పడుతుంది. చూస్తున్న ముసలాయన ఒకడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. చివరికి జరగడం మానేసి ఒకచోట కూర్చున్నా, పడినన్ని పడనీ అని.

ఇరవై నిమిషాలు కూర్చున్నానేమో. బాటిల్ పావు వంతు నిండింది. ధ్యానం, దర్శనం అనే పెద్ద మాటలు నేను వాడను, నాకవి రావు. కాకపోతే లేచేటప్పుడు గమనించాను, ఆ ఇరవై నిమిషాల్లో బోరు గుర్తు రాలేదు. రెండేళ్లలో నిద్రలో తప్ప అంతసేపు అది గుర్తు రాకపోవడం అదే మొదటిసారి. నిద్రలో కూడా వచ్చేదనుకోండి.

అమ్మ ఆ పావు బాటిల్‌ను ఎండకు ఎత్తి చూసి, "ఇంతేనా?" అంది. అటు మూల మా అన్న తల ఎత్తలేదు.

ఆగస్టు చివర్లో మళ్లీ పోయాను. ఈసారి సాకుతో పని లేకుండా నేనే బాటిల్ అడిగి తీసుకున్నా. జూలై అంతా వానల్లేక ఊళ్లో అందరూ టెన్షన్ పడుతుంటే మఖ కార్తెలో ఒక్కసారిగా పట్టుకుంది. అమ్మ ఎప్పుడూ అనే సామెత ఒకటుంది, మఖ పుబ్బలు వరుపైతే మీ అన్న సేద్యం నా సేద్యం మన్నే అని. ఆ ఏడు నేను వచ్చిన ప్రతిసారీ, మా ఇద్దరికీ వినపడేంత గట్టిగా, ఎవరివైపూ చూడకుండా అంటుండేది.

మార్చిలో చూసిన అడవి, ఇదీ ఒకటే అంటే నమ్మలేం. బోసిగా ఉన్న కొండ కనపడనే కనపడదు, అంతా ఆకు. టేకు చెట్ల తలల మీద తెల్లటి పూత. మెట్ల మీద రోకలిబండ పురుగులు బారులు బారులుగా పోతున్నాయి, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ నడవాలి. ఆ తపసి చెట్టు కోసం వెతికాను, తెల్లటి మాను ఆకుల్లో దాక్కుంది, దొరకలేదు. భవనాశిని మార్చిలో ఎండిన రాళ్ల గుంటలు, ఇప్పుడు ఎర్రటి నీళ్లతో అరుస్తోంది. స్వామి హిరణ్యకశిపుణ్ని చంపి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం కూడా అక్కడే ఉంది, నీళ్లు ఎర్రగా కనిపించి దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉంటాయంటారు. నేను తీసుకున్నప్పుడు దోసిట్లోనూ ఎర్రగానే ఉన్నాయి, వరద కదా.

జ్వాల దగ్గర శబ్దం ముందు వచ్చింది. తర్వాత తుంపర. మలుపు తిరిగితే తెల్లటి నీటి తెర, గుడికి పోయే దారికి అడ్డంగా. స్వామి దగ్గరికి పోవాలంటే దాని కిందుగా దూరి పోవాల్సిందే, వేరే దారి లేదు. ఫోను, పర్సు ప్లాస్టిక్ కవర్లో చుట్టి జేబులో కుక్కుకుని, చొక్కాతోనే దూరాను. నెత్తిన ఎవరో బియ్యం బస్తా పడేసినట్టు పడింది. ఊపిరి ఆగిపోయింది. అవతలికి వచ్చి లోపల నిలబడితే ఒళ్లంతా వణుకు. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, ఎదురుగా దీపం వెలుగులో స్వామి సరిగ్గా కనపడలేదు కూడా. కానీ మార్చిలో తీరిగ్గా చూసినప్పుడు రానిది ఏదో అప్పుడు వచ్చింది. భయం అనుకుందాం. మంచి భయం.

బయటికొచ్చి బాటిల్ గుర్తొచ్చి జలపాతం కింద పట్టాను. ఒక్క దెబ్బకు చేతిలోంచి ఎగిరిపోయింది. కింద రాళ్లకు కొట్టుకుని, నురగలో ఒకసారి తేలి, పోయింది. ప్లాస్టిక్ అడవిలోకి పోయినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

వెనక్కి తిరిగేలోపు పైన వాన ఎక్కువైంది. కింద దాటాల్సిన చోట నీళ్లు మోకాలు దాటి తొడల దాకా వచ్చాయి. అర్చకుడు, నేను, బళ్లారి నుంచి వచ్చిన ఒక కుటుంబం, అదే చెంచు కుర్రాడు, అందరం ఒక రాతి చూరు కింద ఆగిపోయాం. "తగ్గేదాకా కూచోండి. ఇయ్యి మన మాట వినే నీళ్లు కాదు" అన్నాడు కుర్రాడు. రెండు గంటలు. సిగ్నల్ లేదు. మాట్లాడుకుందామంటే హోరులో పక్కవాడి మాట వినపడదు. బళ్లారి ఆమె ఇచ్చిన మరమరాల ఉండలు తిన్నాం. నేను అలవాటుగా బోరు సంగతి, దానికి అన్న అన్న మాట, నేను అనాల్సి ఉండి అనలేకపోయిన మాట, అన్నీ వరసగా తెచ్చుకుందామని చూశాను. ఆ హోరులో మనసులో తిట్టుకున్నా నాకే వినపడలేదు. నేను ఒక బోరు కోసం, రెండంగుళాల నీళ్ల కోసం అన్నతో మాటలు మానేశాను. ఇక్కడ కొండ మీంచి ఇన్ని నీళ్లు ఎవరివీ కాకుండా పోతున్నాయి. ఇలా రాస్తే ఏదో జ్ఞానోదయం అయినట్టు ఉంటుంది, అదేం కాదు. ఇంటికెళ్లాక రాత్రి మళ్లీ కోపం వచ్చింది. కాకపోతే కాస్త నవ్వు కలిసిన కోపం.

తడిసి ముద్దై ఇంటికి చేరేసరికి చీకటి. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. బాటిల్ లేదని చూసి "ఈసారి మూత కూడా తేకపోతివే" అని తువ్వాలు ఇచ్చింది. లోపల వేడినీళ్లు కాగి ఉన్నాయి. ఎవరు పెట్టారో అడగలేదు. అమ్మ గ్యాస్ మీద అంత పెద్ద గిన్నె ఎత్తలేదు, అది నాకు తెలుసు.

డిసెంబర్‌లో మూడోసారి పోయాను. మార్గశిరం. ఊళ్లో శనగ చేలు పచ్చగా, పొద్దున మంచు వాటి మీద తెల్లటి దుప్పటిలా ఉంది. అడవిలో బోద గడ్డి మనిషి ఎత్తు పెరిగి అప్పుడే పచ్చదనం పోయి ఎండుగడ్డి రంగుకు తిరుగుతోంది. టేకు ఆకులు పెద్దపెద్దవి, చిల్లులు పడి, అంచులు మాడి, ఇంకా రాలలేదు కానీ రాలడానికి సిద్ధంగా ఉన్నాయి. తపసి చెట్టు మళ్లీ కనపడింది. కొన్ని కొమ్మలకే ఆకు ఉంది, పాత గాటు దగ్గర బెరడు పెదవులు మూసుకుంటున్నట్టు పెరిగి ఉంది. గాటు ఇంకా పూర్తిగా పూడలేదు. చెట్టు మాత్రం బతికే ఉంది. నేను దాని ముందు కాసేపు నిలబడ్డాను, గుడిలో నిలబడ్డదానికంటే ఎక్కువసేపే.

జ్వాల దగ్గర ఈసారి చుక్కలూ కాదు, జలపాతమూ కాదు. చిటికెన వేలంత ధార, నిటారుగా, గాలికి కొద్దిగా ఊగుతూ. అమ్మ ఈసారి ప్లాస్టిక్ వద్దని పాత స్టీలు బాటిల్ ఇచ్చింది. ధార కింద పెట్టి చేయి తీసేశాను. దానంతటదే నిండింది. నిండి పొర్లుతున్నా మూత పెట్టకుండా కాసేపు అలాగే వదిలేశాను, ఆ చప్పుడు మారుతూ రావడం వినడానికి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ వెనక పెరట్లో ఉంది. వసారాలో మా అన్న ఒక్కడే. నేను చెప్పులు విప్పుతుంటే ఫోన్లోంచి తల ఎత్తకుండా అడిగాడు.

"ఈతూరన్నా నిండిందా?"

దాదాపు మూడేళ్ల తర్వాత మొదటి మాట. ఏం చెప్పాలో తోచక బాటిల్ చేతికిచ్చాను. మూత తిప్పి, ఎత్తి, పెదాలకు తగలకుండా రెండు గుక్కలు పోసుకున్నాడు. మూతి తుడుచుకుని, "సల్లగుండాయి" అన్నాడు.

పెరట్లోంచి అమ్మ గొంతు. "తాగేదేందిరా అప్పుడే! దేవుడికాడ పెట్టందే! నాకన్నా ఇంత మిగల్చండిరా."