అటక మీద కాపురం

"లాఫ్ట్ ఫ్లాట్ తీసుకున్నాం" అని ఫోన్లో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అటక మీద పండుకోడానికి అంత డబ్బు పోశారా?" అంది. ఆమెకు తెలిసిన లాఫ్టు వంటింట్లో పాత ట్రంకుపెట్టె, పండగ గిన్నెలు ఎక్కించే సిమెంటు అర. ఆలోచిస్తే ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు.

ఒంగోల్లో కర్నూలు రోడ్డుకి కాస్త లోపలగా, ఒకప్పుడు ఫైనాన్స్ ఆఫీసు నడిచిన బిల్డింగు. హాలు 15 అడుగుల ఎత్తు. అందులో సగం మేర ఇనుప దూలాలేసి, చెక్క పరిచి, పైన పడక పెట్టారు. కింద నేలంతా చీమకుర్తి నల్ల గ్రానైటు, ఆఫీసువాళ్లు వేయించిందే. వంటగదికీ హాలుకీ మధ్య చిన్న కిటికీ ఉంది, దాని పైన ఎర్ర రంగుతో "క్యాష్" అని. ఎంత గీకినా పోలేదు. మావాడు పొద్దున్నే అందులోంచి చెయ్యి చాపి దోసె అడుగుతాడు. టోకెన్ ఏదిరా అంటాను నేను.

న్యూయార్క్‌లోని సోహో అనే పేటలో 1960ల్లో ఖాళీ పడ్డ ఫ్యాక్టరీ అంతస్తుల్లో, అంటే అక్కడి లాఫ్టుల్లో, చిత్రకారులు కాపురం పెట్టారు. అద్దె తక్కువ, కిటికీలు పెద్దవి. ఇళ్లుగా అనుమతి లేని అలాంటి చోట్ల ఉండేవాళ్లకు రక్షణగా 1982లో లాఫ్ట్ చట్టమే వచ్చింది. వాళ్లు డబ్బుల్లేక చేసిన పని మేం లోను తీసుకుని చేశాం.

ఆఫీసు శ్లాబులో బాత్రూం కోసం పల్లం వదలరు కదా. పైపులు పోవడానికి నేలనే అడుగు ఎత్తు లేపారు. మా అత్తయ్య స్నానానికి రెండు మెట్లెక్కి పోతూ ప్రతిసారీ "గోవిందా" అంటుంది. కరెంటు బిల్లేమో రెండు నెలలు కమర్షియల్ రేటున వచ్చింది. మాకు అమ్మినాయన కేటగిరీ మార్పించనేలేదు.

అన్నిటికన్నా ఎండ. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పైన పడుకోవాలంటే ఆరున్నర అడుగుల ఎత్తుకి సీలింగ్ ఫ్యాను పెట్టలేం, గోడ ఫ్యాను వేడిగాలినే మళ్లీ మొహాన కొడుతుంది. కింద వేసిన తాలింపు ఘాటు కూడా నేరుగా దిండు దగ్గరికే. మా నాన్న కొండపి దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో పనిచేసిన మనిషి. ఆకు కర్రలకు కట్టి, వరసలు వరసలుగా పైకప్పు దాకా ఎక్కించి, కింద గొట్టాల్లో వేడి పెడతారు. వచ్చిన రోజు సగం మెట్లెక్కి, చెయ్యి పైకెత్తి చూసి దిగిపోయాడు.

"వేడి పైకి పోద్దని బ్యారన్ కట్టినోడికి తెలుసు. మీ ఇల్లు కట్టినోడికి తెల్దా?"

ఇప్పుడు ఎండాకాలమంతా గ్రానైటు మీదే చాప. హాయిగా ఉంటుంది, ఒప్పుకోవాలి. చలికాలం మాత్రం పైకెక్కి, పడమటి కిటికీలోంచి వెలుగు పోయేదాకా అక్కడే కూర్చుంటాను. ఆ గంట కోసమే కొన్నానేమో.

మొన్న అమ్మ ఆవకాయ జాడీ తెచ్చింది. ఇల్లంతా తిరిగి "జాడీ పెట్టడానికి అటక ఏదే?" అంది. అటక లేదు. జాడీ మెడకి గుడ్డ బిగించి కట్టి, క్యాష్ కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లింది.