గాలి ఎక్కువైతే పని ఆగే రేవు

ఎస్బియర్గ్ పేరు మనవాళ్లలో చాలామంది విని ఉండరు. డెన్మార్క్ పడమటి తీరంలో, డెబ్బై వేల పైచిలుకు జనం ఉన్న రేవు పట్నం. ఒకప్పుడు చేపల పడవలు, తర్వాత నార్త్ సీ చమురు. 2002లో హార్న్స్ రెవ్ దగ్గర సముద్రంలో 80 టర్బైన్లు నిలబెట్టాక గాలిమరల ఊరైంది. ఇక్కడ యార్డ్ ప్లానింగ్ నా ఉద్యోగం. బ్లేడ్లు, టవర్ ముక్కలు ఎక్కడ దించాలి, ఏది ముందు ఓడ ఎక్కాలి అన్నది చూసుకోవాలి.

వినడానికి తేలికే. కానీ ఇప్పుడు ఒక్కో బ్లేడు వంద మీటర్లు దాటుతోంది. అది మలుపు తిరగాలంటే చుట్టూ ఉన్న సరుకంతా జరగాలి. ఈ రేవుకు అసలు కొరత నేలే. సముద్రాన్ని పూడ్చుకుంటూ పోదామంటే పక్కనే యునెస్కో గుర్తించిన వాడెన్ సీ అనే తీర సముద్రం. అందుకని రేవు మొత్తాన్నీ కంప్యూటర్లో డిజిటల్ ట్విన్‌గా, అంటే అచ్చం అలాంటి నకలుగా, కట్టించారు. ఏడాదికి 1.5 గిగావాట్ల టర్బైన్లు పంపే చోటు నుంచి 4.5 దాకా పంపొచ్చని దాంతోనే తేల్చారు. డిజిటల్ మార్పు మీద ప్రెజెంటేషన్లు బోలెడు చూశాను గానీ, నాకు తెలిసి ఇక్కడ దాని పనల్లా చోటు మిగల్చడమే.

గాలి హద్దు దాటితే మాత్రం బ్లేడు ఎత్తరు. మా క్రేన్ ఆపరేటర్ ఒకాయన కుర్రతనంలో చేపల పడవల మీద పోయినవాడు. స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉన్నా ఒక్కోసారి "ఇంకో గంట ఆగుదాం" అంటాడు. ఆగుతాం. ఇక్కడ సార్ అనే పిలుపు లేదు. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకింకా నోరు రాదు.

కాకినాడ యాంకరేజ్ రేవులో బార్జీల మీద బియ్యం బస్తాల లెక్కలు చూసిన మా నాన్నకు ఇవన్నీ చెప్పాలి. "ఇవాళ పనేంట్రా?" అన్నారు. "గాలి ఎక్కువగా ఉంది నాన్నా, లోడింగ్ ఆపేశారు." "గాలిమరల ఊళ్లో గాలి వీస్తే సెలవా!" అని ఒకటే నవ్వు.

అదే గాలికి మా ఇల్లు వెచ్చబడుతుందని చెబితే నమ్మలేదు. ఇక్కడ ఇళ్లకు వేడినీళ్లు ఊరుమ్మడి గొట్టాల్లో వస్తాయి. ఆ వేడి ఇచ్చిన బొగ్గు ప్లాంటు 2024లో మూతపడింది. ఇప్పుడు రేవులో పెద్ద హీట్ పంపులు సముద్రపు నీళ్లలోంచి వేడి లాగి, దాదాపు 25,000 ఇళ్లకు సరిపడా అందిస్తాయి. ఫ్రిజ్ వెనకాల వెచ్చగా ఉంటుందే, అదే సూత్రం. గాలి బాగా వీచి కరెంటు చౌకైన వేళ వీటిని ఎక్కువ తిప్పుతారు. లోపల తిరిగేది కార్బన్ డయాక్సైడ్. లీకైనా వాడెన్ సీకి హాని ఉండదని దాన్ని ఎంచుకున్నారు. చెయ్యి పెడితే కొంకర్లు పోయే నీళ్లవి!

ఇంత చెప్పాక టెన్షన్ సంగతీ చెప్పాలి. 2024 డిసెంబర్‌లో డెన్మార్క్ నార్త్ సీలో 3 గిగావాట్ల గాలిమరలకు టెండర్ పిలిస్తే ఒక్క బిడ్ రాలేదు. ఆ వారం మా క్యాంటీన్లో వేరే మాట లేదు. ఇక్కడివాళ్లకు పని తగ్గితే పని తగ్గినట్టే. నాలాంటివాళ్లకు ఉండే పర్మిటే ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ప్రభుత్వం సబ్సిడీ కలిపి టెండర్లను మళ్లీ రూపొందించింది. ఇతర దేశాల ప్రాజెక్టుల సరుకూ ఇటు వస్తుంది కాబట్టి యార్డు ఖాళీగా లేదు. అయినా ఇల్లు కొందామా అని నేనెప్పుడు కదిపినా, మా ఆవిడ ముందు టెండర్ తేదీ అడుగుతోంది.