తలకాయలో పిల్లకాలువ: నా ఎమ్మారై అనుభవం

నిన్న సాయంత్రం చిత్తూరు నుంచి వచ్చాను. జేబులో రెండు రకాల మాత్రలు, దగ్గరచూపు అద్దాలకు ఒక చీటీ. అంతే. ఈ చీటీ దాకా రావడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో ఒక ఆదివారం నేను ఇప్పట్లో మర్చిపోను.

నాకు 46 ఏళ్లు. తిరుపతి బాలాజీ కాలనీలో జిరాక్స్, డీటీపీ షాపు. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు 19 ఏళ్లుగా టైపు చేసి, బైండింగ్ చేసి ఇస్తున్నాను. గైడ్లు పట్టుకోని తప్పులు నేను పట్టుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. చదువు డిగ్రీతో ఆగినా ఇంగ్లీషు కాగితం చూసి భయపడే మనిషిని కాదు.

మూడు వారాలుగా తలకాయ నొప్పి, ఎడమ కంటి వెనక మొదలై మెడ దాకా. మా వీధి డాక్టరు కళ్లు చూపించుకోమన్నారు. కంటి డాక్టరు లోపల నరం బాగుంది, వాపు లేదు అని రాసిచ్చారు. నొప్పి తగ్గలేదు. ఎమ్మారై, దాంతోపాటు వీనోగ్రామ్ (మెదడు రక్తనాళాల్లో సిరల బొమ్మ) అన్నారు. మొలతాడుకున్న వెండి బిళ్ల కూడా తీసేయించి లోపలికి తోశారు. అరగంట సేపు చెవి పక్కన రేకుల షెడ్డు కడుతున్నట్టు మోత. రూ.8,500.

రిపోర్టు వచ్చింది. మెదడు బాగుంది, అది బాగుంది, ఇది బాగుంది అని రాసుకుంటూ వచ్చి, చివర లావు అక్షరాల్లో ఒక లైను: ఎడమ ట్రాన్స్‌వర్స్ సైనస్ హైపోప్లాస్టిక్, మధ్యలో కొంత మేర రక్త ప్రవాహం కనిపించడం లేదు, లక్షణాలతో సరిచూసుకోవాలి. మా ఆవిడ చదివి, "తలకాయలో ప్లాస్టిక్ ఏందండీ?" అనింది. నవ్వాను గానీ నాకూ తెలియలేదు. సైనస్ అంటే ముక్కుది కదా, చెవి వెనక్కి ఎట్లా పోయింది?

ఆ రోజు ఆదివారం. మా డాక్టరు ఊళ్లో లేరు. ఆవిడ ఊరుకోలేదు, దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌కు లాక్కుపోయింది. డ్యూటీలో కుర్ర డాక్టరు. ఆ చివరి లైను మాత్రం చదివాడు. సీడీ కవరు నా చేతిలోనే ఉంది, అడగనే లేదు.

"రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఇవాళే అడ్మిట్ కావాలి."

స్కూటర్ నడుపుకుంటూ వచ్చినవాణ్ని నేను. నిమిషంలో వీల్‌చైర్ తెచ్చారు. వద్దంటే ఆయా కూర్చోబెట్టింది. వరండాలో పదిమంది చూస్తుండగా అతను గట్టిగా అడిగాడు, "తాగుతావా? ఎన్నేళ్లుగా?" తాగను అంటే నమ్మినట్టు లేదు, మా ఆవిడ వైపు చూశాడు. పోయిన నెలే నా దగ్గర థీసిస్ బైండింగ్ చేయించుకున్న అమ్మాయి అక్కడే ఉంది. "అన్నా, ఏమైంది?" అంటూ వచ్చింది. నేను వీల్‌చైర్‌లో, ఒళ్లో హెల్మెట్. ఏం చెప్పమంటారు?

కౌంటర్లో రూ.40,000 అడ్వాన్స్ అన్నారు. హైపోప్లాస్టిక్ అంటే గడ్డ కట్టడమేనా సార్ అని ఒక్క ప్రశ్న అడిగాను. "చెప్పినా మీకు అర్థం కాదు" అన్నాడు. నా కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. ఆ మాటకు లేచి నిలబడ్డాను. వెళ్లిపోతానన్నాను. అయితే సంతకం పెట్టి పో అని ఒక ఫారం ముందుకు తోశారు. వైద్యుల సలహాకు విరుద్ధంగా, 'నా సొంత భాద్యతపై' వెళ్తున్నానని.

ఆ 'భాద్యత' చూడగానే గుర్తుపట్టాను. అది నా షాపులో, నేనే పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో కొట్టిన ఫారం. బాధ్యతను భాద్యతగా కొట్టినవాణ్ని నేనే. ఎన్నేళ్లుగా ఎంతమంది దాని మీద సంతకాలు పెట్టారో. నేనూ పెట్టాను.

ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. ఆవిడ ఏడుస్తూ కొండకు మొక్కుకుంది. నేను సంతకం పెట్టి తప్పు చేశానా అని పక్క మీద దొర్లాను.

చిత్తూరులో మా బావమరిది ఒక పాత న్యూరాలజిస్టు గురించి చెప్పాడు. సీడీలు పెట్టే డ్రైవులు ఇప్పుడు సగం కంప్యూటర్లలో లేవని నాకు వృత్తిరీత్యా తెలుసు. బొమ్మలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరాను. పూతలపట్టు దాకా బస్సు గుంత దాటినప్పుడల్లా తల పట్టుకున్నాను, లోపల ఏదో కదిలిపోతుందేమోనని.

ఆయన రిపోర్టు మడిచి పక్కన పెట్టారు. "ముందు బొమ్మలు తీయి నాయనా" అన్నారు. ఇరవై నిమిషాలు చూశారు. తర్వాత తెర నా వైపు తిప్పారు.

"మెదడులోంచి చెడు రక్తం దిగడానికి చెవుల వెనకగా అటొకటి ఇటొకటి కాలువలుంటాయి, వాటినీ సైనస్‌లనే అంటారు. రెండూ సమానంగా ఉండాలని లేదు. చాలామందికి కుడిదే పెద్దది. నీకు ఎడమది మరీ పిల్లకాలువ, హైపోప్లాస్టిక్ అంటే అదే. బొమ్మ కోసం నరంలోకి ఇచ్చే మందు ఎక్కించకుండా తీసిన వీనోగ్రామ్ ఇది, పారే రక్తాన్నే బొమ్మగా పడుతుంది. సన్నకాలువలో పారకం మెల్లగా ఉంటే అక్కడ తెగినట్టు కనబడుతుంది."

"మరి పుట్టుకతో సన్నదో, గడ్డ కట్టి మూసుకుపోయిందో ఎట్లా తెలుస్తుంది సార్?"

"మంచి ప్రశ్న" అన్నారు. (ఆదివారం అడిగిందీ దాదాపు ఇదే ప్రశ్న. రాసిపెట్టుకోండి.) పుర్రె లోపలి వైపు ఆ నాళం కూర్చునే గాడి ఉంటుందట. నాళం ముందు పెద్దగా ఉండి తర్వాత మూసుకుపోతే గాడి పెద్దగానే మిగిలిపోతుంది. నాకు ఎడమ గాడి కూడా చిన్నదే. మిగతా బొమ్మల్లో గడ్డ ఆనవాలు లేదు, కంటి వెనక వాపూ లేదు. నొప్పి మైగ్రేను, దానికి తోడు అద్దాలు లేకుండా రోజంతా తెర చూడటం.

నర్సింగ్ హోమ్ సంగతి చెప్పాను, ఆయన వాళ్లను తిడతారని ఆశపడి. తిట్టలేదు. "అనుమానపడటం తప్పు కాదు, నిజంగా గడ్డ అయితే ప్రాణానికే ముప్పు. బొమ్మ చూడకపోవడం తప్పు" అన్నారు. సరే, ఒప్పుకుంటాను. వీల్‌చైర్ మాత్రం ఒప్పుకోను.

రాత్రి హైదరాబాద్‌లో చదివే మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడు వెతికి చెప్పాడు: మెదడు స్కాన్ మామూలుగా ఉన్న 100 మంది వీనోగ్రామ్‌లు చూసిన పరిశోధన ఒకటి 2000లో వచ్చింది, వాళ్లలో 31 మందికి ఇట్లా తెగినట్టు కనిపించింది. అంటే నా షాపుకొచ్చే ప్రతి ముగ్గురిలో ఒకరికి దాదాపు! ఇంకోటి కూడా చెప్పాడు. మెదడు స్కాన్లను పోల్చుకోవడానికి పరిశోధకులు ఏళ్ల తరబడి వాడిన 1988 నాటి తలైరాక్ అట్లాస్ (మెదడు పటం) అరవై ఏళ్ల ఒక్క ఫ్రెంచి ముసలామె మెదడును బట్టి గీసిందట. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో వంద మంది భారతీయుల స్కాన్లతో మనకంటూ ఒక అట్లాస్ చేశారు. పాశ్చాత్యుల మెదళ్లతో పోలిస్తే మనవి సగటున కొంచెం చిన్నవని తేలింది.

స్పీకర్లో వింటున్న మా ఆవిడ, "చిన్నదంటే తెలివి తక్కువనా?" అనింది. సంబంధం లేదత్తా అన్నాడు వాడు. 1921లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న అనతోల్ ఫ్రాన్స్ మెదడు కిలో మీద కాస్తే తూగిందట, మామూలు కంటే బాగా తక్కువ. ఆవిడ నా వైపు చూసి ఏదో అనబోయి ఆగింది.

స్కాన్ తీయించుకునే వాళ్లు రిపోర్టుతో పాటు సీడీ అడిగి తీసుకోండి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకోండి. మీకు చేతకాకపోతే మా షాపుకు రండి, ఉచితంగా ఎక్కించి ఇస్తాను. బొమ్మ తెరవకుండా అడ్వాన్స్ అడిగేచోట "సార్, ఒకసారి బొమ్మ చూడండి" అనండి. కసురుకున్నా అనండి.

మాత్రలకు మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తోంది. ఫారం ఫైలు తెరిచి బాధ్యత సరిచేశాను. మొక్కు మాత్రం మిగిలే ఉంది. తలకొచ్చిన కష్టం కాబట్టి తలనీలాలే ఇవ్వాలట, నావి. వచ్చే శనివారం అలిపిరి మెట్ల మీదుగా వెళ్తున్నాం. ఆ రోజు షాపు ఉండదు.